సిద్ధాంత గ్రంథం ఉంది, దొరకదు

మీరు మైపాడులోనో, జువ్వలదిన్నెలోనో ఉంటూ మత్స్యకారుల పాటలపై వ్యాసం రాయదలచారనుకోండి. మీకంటే ముందు ఎవరేం రాశారో తెలిసేదెలా? విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. అంతకుముందు నెల్లూరు కళాశాలలకు 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమే పెద్ద దిక్కు. కనుక ఈ తీరంపై పాత పరిశోధన కోసం ముందు తిరుపతి వైపు చూడాలి.

బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' కూడా మొదట పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథమే. పుస్తకంగా అచ్చయింది గనుక మనదాకా వచ్చింది. అచ్చుకు నోచుకోనివి పట్టా చేతికి రాగానే బీరువా ఎక్కాయి. ప్రజాధనంతో సాగిన శ్రమ అది.

2009 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేశాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే 'శోధ్‌గంగ'లో వాటిని ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. దూరవిద్యార్థికి ఇంతకంటే మేలు చేసిన ఏర్పాటు నాకు తెలియదు.

అయితే పెట్టడం వేరు, దొరకడం వేరు. తెలుగు గ్రంథాల విషయంలో ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. శీర్షికను చాలాచోట్ల ఇంగ్లీషు అక్షరాల్లో నమోదు చేస్తారు. 'జానపద' అనే మాటలో 'జా'కు ఒకరు ఒక 'ఎ' రాస్తే, మరొకరు రెండు రాస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. లోపలి పాఠం సంగతి మరీ అన్యాయం. స్కాన్ చేసిన పుటలు యంత్రానికి బొమ్మలే. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైపు చేసినవి మన కంటికి తెలుగు, వెతికే యంత్రానికి అర్థంలేని గుర్తులు. యూనికోడ్‌లో శీర్షిక, ఒక పుట సంగ్రహం ఇమ్మని అడగడం పెద్ద కోరికేమీ కాదు. అయినా ఆ పుట ఎవరి బాధ్యతో ఎవరూ తేల్చరు.

అందరికీ అందుబాటులో పెడితే కాపీ కొడతారని కొందరు పెద్దలు భయపడతారు. నిజానికి బీరువాలోని గ్రంథాన్ని కాపీ కొట్టడమే సులువు. పోల్చి చూసేవారుండరు.

మీరు మాత్రం ఒక్క వెతుకులాటతో ఆగవద్దు. తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు విధాలుగా, ఆపైన విశ్వవిద్యాలయం, శాఖ పేర్లతో వెతకండి. ఒక్కటి దొరికినా ముందు దాని చివర ఉన్న ఉపయుక్త గ్రంథసూచి తెరవండి. వెతుకులాటలో తగలని పాత సిద్ధాంత గ్రంథాల పేర్లు తరచూ అక్కడే కనిపిస్తాయి.