4.3 గమ్యం నుంచి కథానాయిక దాకా: 'సోర్డ్ ఒరటోరియా' పరిశీలన

గత భాగంలో ప్రధాన కథకూ, అనుబంధ కథకూ ఉన్న సంబంధాన్ని తెలుసుకున్నారు. ప్రధాన కథలో పక్కన నిలిచిన పాత్రను కేంద్రంగా చేసుకొని విడిగా సాగే రచనే అనుబంధ కథ. దీన్నే స్పిన్‌ఆఫ్ అంటారు. ఇటువంటి రచన విలువను ఎలా నిర్ణయించాలి? ఒక జపాన్ మాంగా ఆధారంగా పరిశీలిద్దాం.

ఫుజినో ఒమోరి 2013లో ఒక అద్భుత సాహస నవలల శ్రేణిని ప్రారంభించాడు. ఒరారియో నగరం అడుగున అంతస్తులు అంతస్తులుగా ఒక బిలం ఉంటుంది. అందులో రాక్షస మృగాలు పుడుతుంటాయి. అక్కడికి దిగే సాహసికుల్లో పద్నాలుగేళ్ల బెల్ క్రానెల్ కథానాయకుడు. ఎద్దు తల గల మినోటార్ బారి నుంచి అతన్ని ఐస్ వాలెన్‌స్టైన్ అనే పదహారేళ్ల ఖడ్గధారిణి కాపాడుతుంది. ఆమె అంతటి స్థాయికి చేరాలన్నది అతని ఆశయం. అంటే ప్రధాన కథలో ఆమె ఒక గమ్యం. గమ్యానికి గతం అక్కర్లేదు, అందనంత దూరంలో ఉంటే చాలు.

2014లో ఒమోరి ఆమెను కేంద్రంగా చేసి 'సోర్డ్ ఒరటోరియా' మొదలుపెట్టాడు. టకాషి యాగి దాన్ని మాంగాగా గీశాడు. ఇందులో పాత సంఘటనలే మళ్లీ వస్తాయి, కానీ వాటి అర్థం మారుతుంది. ఆ మినోటార్లు ఐస్ జట్టు చేతికి చిక్కకుండా పై అంతస్తులకు పారిపోయినవి. తర్వాత భోజనశాలలో ఆమె సహచరుడు బేట్, బెల్ పిరికితనాన్ని ఎగతాళి చేస్తాడు. అది విన్న బెల్ బయటికి పరుగెత్తుతాడు. ప్రధాన కథలో ఇది అతని అవమానం. ఇక్కడ ఇదే ఆమె అపరాధభావం.

ఇప్పుడు ఆమె బాల్యాన్ని గమనించండి. తల్లి ఆమెకు వీరుల కథలు వినిపించేది. తనకంటూ ఒక వీరుడు దొరకాలని తండ్రి కోరుకున్నాడు. తల్లిదండ్రులు దూరమయ్యాక ఆ వీరుడు రాలేదు. అందుకే ఆ పిల్ల తానే కత్తి పట్టింది. ఒక్క ఏడాదిలో, ఎనిమిదేళ్ల వయసుకే, రెండో స్థాయికి చేరింది. బెల్ దాదాపు నెలన్నరలోనే ఆ స్థాయిని అందుకుంటాడు. కనుక ప్రధాన కథలో ఆమె రికార్డు అతని గొప్పతనాన్ని కొలిచే కొలబద్ద. ఇక్కడ అదే అంకె, ఒక పిల్ల తన బాల్యాన్ని ఎంత తొందరగా పోగొట్టుకుందో చెబుతుంది. ఈ రచన సాధించిన విజయం ఇదే.

లోపాలు కూడా ఉన్నాయి. ఆమె గతాన్ని రచయిత ముక్కలు ముక్కలుగా, ఊరిస్తూ చెబుతాడు. చాలాచోట్ల ఐస్‌ను ఆమెను ఆరాధించే లెఫియా కళ్లతోనే చూస్తాం. ఐస్ మితభాషి కాబట్టి ఈ పద్ధతి అవసరమైందని సమర్థించవచ్చు. అయితే తన సొంత కథలోనూ ఆమె మళ్లీ మరొకరి గమ్యంగా మిగిలిపోతుంది. ఒంటరిగా యుడేయస్ అనే మహామృగాన్ని ఓడించి ఆరో స్థాయికి ఎదిగే ఘట్టం మాత్రం ఇందుకు భిన్నం. అక్కడ ఆమె ఎవరినీ కాపాడడం లేదు, ఎవరికీ ఆదర్శంగా నిలవడం లేదు. ఇంకా బలం కావాలన్న ఆమె సొంత ఆకలే ఆ పోరాటాన్ని నడిపిస్తుంది.

దీని నుంచి మీరు గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. పాత్ర గతం ఎంత చెప్పారన్నది ముఖ్యం కాదు. ఆ గతం తెలిశాక, మనకు ముందే తెలిసిన సంఘటన కొత్తగా కనిపించిందా లేదా అన్నదే ముఖ్యం. కనిపిస్తే అనుబంధ కథ స్వతంత్ర రచనగా నిలుస్తుంది. లేకపోతే అది ఖాళీలు పూరించడంతోనే ఆగిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీకు బాగా తెలిసిన కథలో నాయకుడి ఆశయంగా మాత్రమే కనిపించే ఒక స్త్రీ పాత్రను ఎంచుకోండి. ఒక సంఘటనను ఆమె వైపు నుంచి పది వాక్యాల్లో రాసి, ఏ అర్థం మారిందో వివరించండి.