నాగబంధపు చుట్ట

చుట్టకు విమర్శనమా యని చదువరులు నవ్వవచ్చును. మనుష్యుడు తన చేతితో నొక రూపము గల్పించి యితరుల యాస్వాదమునకై యిచ్చిన ప్రతి వస్తువును విమర్శకు లోబడవలసినదే. పద్యమునకు గల గౌరవము చుట్టకు లేకపోవచ్చును గాని, పద్యమునకు గల బాధ్యత దానికిని గలదు. ఈ బాధ్యతనే మన రసికులు తఱచుగా మఱతురు.

గడచిన వేసవి సెలవులలో, పూర్వము నాయొద్ద చదువుకొనిన విద్యార్థి యొకడు విదేశమునుండి వచ్చుచు నాకొక చిన్న పెట్టె దెచ్చి యిచ్చెను. ఇరువదియేండ్లుగా నేను లంకచుట్ట త్రాగువాడనని యాతడెఱుగును. "మాస్టారూ! చిత్రకవిత్వము పాఠము చెప్పునపుడు మీరు నల్లబల్లమీద నాగబంధము గీసి చూపెడివారు. ఇది చుట్టలలో నాగబంధమండీ. త్రాగి మీ యభిప్రాయము చెప్పండి" అనెను. పెట్టెలో మూడు సన్నని చుట్టలు జడవలె నొకదానితో నొకటి పెనవేసుకొని, కొనలయందు దారముతో గట్టబడి యుండెను. స్పానిష్ భాషలో దీనికి కులెబ్రా యని పేరు, పామని యర్థము. మన తెలుగులో పాము పడుకొనినను చుట్టయే, పొగాకు చుట్టినను చుట్టయే. ఇంగ్లీషువారి చెరూటు అను మాటయు తమిళుల సురుట్టునుండి పుట్టినదే. కావున నీ విదేశపు సర్పము పేరుచేతనే మనకు చుట్టమైనది.

ముందు రూపమును విచారింతము. ఆకు తడిగా నున్నపుడే మూడు చుట్టలను పెనవేసి, కట్టి, ఆరనిత్తురు. ఆరిన పిమ్మట నా వంకర నిలిచిపోవును. త్రాగదలచినవాడు దారము విప్పి, మూటిని విడదీసి, ఒక్కొక్కదానినే వెలిగించుకొనవలెను. ఇచటనే నాకు మొదటి సందేహము గలిగినది. నాగబంధమునందు కవి యక్షరములను పాము మెలికలలో నమర్చి, మెలికలు గలిసినచోట నొకే యక్షరము రెండు తావుల బనిచేయునట్లు కూర్చును. కంటి కది వింతయే. చదివి వినిపించునపుడు మాత్రము పాము మాయమై పద్యమొక్కటే మిగులును. వ్యంగ్యములేని చిత్రమును మమ్మటుడు కావ్యప్రకాశమున మూడవ తరగతిలో గూర్చుండబెట్టినది యిందుకే. కులెబ్రాయు నంతే. దారము విప్పిన క్షణమున బంధము పోయినది. చేత మిగిలినది వంకరపోయిన సన్నచుట్ట.

రూపమే వ్యర్థమని నా వాదము గాదు. రెండు కొనలు సన్నగిల్లి నడుమ లావైన పర్ఫెక్టో యను చుట్ట గలదు. నిప్పు సన్నని కొనయందు బుట్టి, క్రమముగా విరిసి, నడుమ నిండారి, మరల సన్నగిల్లును. కాలెడు మేర మారినకొలది పొగ పాకమును మారును. అచట రూపము రసమునకు సేవ చేయుచున్నది. మన గోదావరి లంకలలో బండిన పొగాకుతో చుట్టిన నాటుచుట్టకు చెప్పదగిన సొగసేమియు లేదు. అయినను లోని యాకు ఘాటు నది దాచదు. అది స్వభావోక్తి. ఈ రెంటి నడుమ కులెబ్రా యెచ్చట నిలుచునో రుచి చూచియే చెప్పవలెను.

మొదటిదానిని పెరటిలోని వేపచెట్టు క్రింద గూర్చుండి వెలిగించితిని. మెలిక తిరిగినచోట నిప్పొక ప్రక్కకే పాకుటచేత రెండు మారులు మరల నంటింపవలసి వచ్చెను. పొగ మాత్రము మంచిదే. మొదట నెండుకట్టె వాసన, తరువాత వేచిన కాఫీగింజల చేదు, కడపట మిరియపు చురుకు. ఒక్కదానినిబట్టి తీర్పు చెప్పుట యన్యాయమని మరునాడు రెండవదానిని త్రాగితిని. అది తిన్నగానే కాలెను, రుచి యదియే. అనగా మెలిక రుచికి గూర్చినదేమియు లేదు, ఒకానొకప్పుడు చెఱచినది గలదు.

మఱి యీ మెలిక యెందులకు? పూర్వము కర్మాగారములలో కూలివాండ్రకు దినమున కిన్ని చుట్టలని యిచ్చుచు, అవి యమ్మకపు చుట్టలతో గలియకుండ, దొంగతనము బయటపడునట్లు, ఇట్లు పెనవేసి యిచ్చెడివారని వర్తకులలో నొక కథ వాడుకలో నున్నది. ఆ కథ ప్రకారము ఈ వంకర, శ్రామికునిపై యజమాని వేసిన యనుమానపు ముద్ర. నేడది ధనికుని పెట్టెలో నలంకారమై వెలకు వచ్చుచున్నది.

మూడవదానిని చేతబట్టినపుడు మా మేనత్త జ్ఞప్తికి వచ్చినది. ఆమెది శ్రీకాకుళపు ప్రాంతమున నొక పల్లె. అచటి స్త్రీలు పలువురు చుట్ట నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని త్రాగుదురు. దానిని అడ్డపొగ యందురు. పిల్లలమైన మేము "అత్తా, ఒక్కమారు చూపవే" యని వేధించెడివారము. ఆమె నవ్వి, మండెడు కొనను లోనికి ద్రిప్పి, పెదవులు మూసి, మరల నిప్పారకుండ వెలికి దీసెడిది. మేము చప్పట్లు గొట్టెడివారము. తరువాత నామె యంగిట పుండు పుట్టినది. విశాఖపట్టణపు వైద్యులు క్యాన్సరని చెప్పిరి. ఎనిమిది మాసములకు మించి యామె బ్రదుకలేదు. ఆ చప్పట్లలో నావియు నున్నవి.

మాది తిన్నని చుట్ట గదా, పొగను లోనికి బీల్చము గదా యని నేనును చిరకాలము వాదించితిని. 1998లో అమెరికా జాతీయ క్యాన్సరు సంస్థ చుట్టలను గూర్చి వెలువరించిన గ్రంథము ఈ వాదమును నిలువనీయలేదు. పొగను లోనికి బీల్చనివారికిని నోరు, గొంతుక, అన్నవాహికలయందు క్యాన్సరు ముప్పు హెచ్చునని యది తేల్చినది. కావ్యమునకు ప్రయోజనము విచారించు విమర్శకుడు చుట్టకు దానిని విడిచిపెట్టుట పక్షపాతము.

నా విద్యార్థికి తీర్పు వ్రాసి పంపితిని: రూపము చిత్రము, రుచి మధ్యమము, ఫలము పేరునకు దగినది. మూడవ చుట్ట వెలిగింపబడలేదు.

మఱి నీ లంకచుట్ట సంగతి యేమని చదువరు లడుగుదురు. అడుగవలసినదే. ఈ వ్యాసము వ్రాయునాటికి మాని నలువది దినములైనది. ఇంతకన్న పెద్ద మాట చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.