గుమ్మడి కూరకి ఆవ ఘాటు

సంక్రాంతి దగ్గరపడగానే అందరూ అరిసెల పాకం గురించే మాట్లాడతారు. విస్తట్లో పులిహోరకీ పప్పుకీ మధ్య ఓ మూల పడే గుమ్మడికాయ బెల్లం కూర ఊసు ఎవరూ ఎత్తరు. పిల్లలు దాన్ని పక్కకి నెట్టేస్తున్నారంటే తప్పు వాళ్లది కాదంటాను. చాలా ఇళ్లలో అది జావలా ఉడికిపోయి, బెల్లం తప్ప మరో రుచి తెలియకుండా వస్తోంది.

ఈ కూర సగం కాయ ఎంచుకోవడంలోనే ఉంది. తొడిమ ఎండి, బాగా ముదిరిన తియ్య గుమ్మడి కావాలి. కోస్తే లోపల కండ ముదురు నారింజ రంగులో ఉండాలి. తొక్క తీయొద్దు, ముక్కని విడిపోకుండా పట్టి ఉంచేది అదే. రెండు వేళ్ల వెడల్పున తరిగి, వెడల్పాటి మూకుట్లో ఉప్పు, పసుపు వేసి, కాసిని నీళ్లు చిలకరించి మూత పెడితే చాలు. మిగతా నీళ్లు కాయే వదులుతుంది. కుక్కర్ మాట తలపెట్టకండి.

బెల్లం ఎప్పుడు వెయ్యాలన్నదే అసలు కిటుకు. గరిటె అంచు తొక్కలోకి సులువుగా దిగేదాకా ఆగాలి. తొందరపడి ముందే వేస్తే తీపి ముక్కని బిగదీస్తుంది, ఆపైన ఎంతసేపు మగ్గించినా ఓ పట్టాన మెత్తబడదు. కిలో ముక్కలకి 100 గ్రాముల బెల్లం, ఉసిరికాయంత చింతపండు రసం సరిపోతాయి. చివర్లో చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే, పులుసు చిక్కబడి ముక్కకి పట్టుకుంటుంది. పోపులో ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు ధారాళంగా పడాలి. కారం తగలని తీపి కూర రెండో ముద్దకే మొహం మొత్తేస్తుంది.

పండక్కి ఈ కూరే ఎందుకంటే, ఆ వేళకి ఇంటికి చేరేవన్నీ ఇందులోకి వస్తాయి: కొత్త బెల్లం, కొత్త బియ్యప్పిండి, ముదిరిన కాయ. గొబ్బెమ్మ మీద పెట్టే పువ్వూ ఆ పాదుదే. కాయ దానమిచ్చే ఆనవాయితీ ఉండనే ఉంది. ఒక్క ఇంటికి పెద్ద కాయ ఎక్కువే కాబట్టి, కోసిన రోజు ఇరుగుపొరుగుకీ తలో చెక్కా వెళ్తుంది.

ఇంత ఆచారం ఉన్న కూరలో మార్పులేమిటని కొందరు నొసలు చిట్లిస్తారు. తియ్య గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసు వాళ్లు మన తీరాలకి వచ్చాకే ఇక్కడి పాదులకెక్కింది. పోపులో మిరపకాయదీ అదే దారి. మనకి ముందునుంచీ ఉన్నది బూడిద గుమ్మడి. అంటే ఈ పాత కూర కూడా ఎవరో ధైర్యం చేసి వండిన కొత్త కూరే!

నాకు నచ్చిన మార్పు ఆవ పెట్టడం. గోదావరి జిల్లాల్లో పనసపొట్టుకీ కందా బచ్చలికీ పెట్టే ఆవే ఇదీ. రెండు చెంచాల ఆవాలు, చెంచాడు బియ్యం నానబెట్టి, ఓ ఎండుమిర్చి వేసి మెత్తగా రుబ్బాలి. ఆవగింజ నలిగి తడి తగిలితేనే ఘాటు పుడుతుంది, వేడి తగిలితే ఎగిరిపోతుంది. అందుకే పొయ్యి కట్టేసి, కూర గోరువెచ్చగా అయ్యాకే కలపాలి. మొదట బెల్లం తగులుతుంది, ఆ వెనకే ఘాటు ముక్కుకెక్కుతుంది. బియ్యప్పిండి ఆవలోనే ఉన్నట్టు కనుక, విడిగా పోయనక్కర్లేదు.

రెండో మార్పు ఇంకా సులువు. పారేసే గింజల్ని కడిగి ఆరబెట్టి, పప్పు తీసి దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి పైన చల్లడం. మెత్తని కూరలో పంటికింద పడేదంటూ ఒకటి వస్తుంది. నువ్వుల పొడి అలవాటున్న ఇళ్లలో రెండూ సగం సగం కలుపుకోవచ్చు. జున్ను, క్రీమ్ వేసి దీన్ని హోటలు వంటకం చేసే ప్రయత్నాలు మాత్రం నాకు మింగుడుపడవు. పులుపూ కారం రెండూ చచ్చిపోతాయి.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఓ మాట. హాలోవీన్‌కి ముఖాలు చెక్కే కాయ కొనకండి, నీళ్లోడుతుంది, రుచి ఉండదు. బటర్‌నట్ స్క్వాష్ మన తియ్య గుమ్మడి జాతిదే. దాని ముక్కలకి కాస్త నూనె పట్టించి, ఓవెన్‌లో అంచులు ఎర్రబడేదాకా కాల్చి, బెల్లం, చింతపండు విడిగా మరిగించి పైన పోసి, ఆవ కలపండి. కాలినప్పుడు కాయ తీపి పెరుగుతుంది కాబట్టి బెల్లం కాస్త తగ్గించాలి.