పేరు మరచిన అన్న, మాట మరువని తమ్ముడు: 'తోకెన్ రాన్బు'లో హిజామారు పాత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జపాన్ వీడియో గేమ్ 'తోకెన్ రాన్బు'లో హిజామారు అనే ఖడ్గపురుషుడు స్వాభిమాని, అన్న హిగేకిరి పట్ల అపారమైన భక్తి గలవాడు. అన్నకు మాత్రం తమ్ముడి పేరు గుర్తుండదు. ఈ మతిమరుపును పాఠకలోకం సాధారణంగా హాస్యాంశంగానే స్వీకరిస్తున్నది. ఆ ఖడ్గాల మధ్యయుగ కథనంతో పోల్చి చూస్తే, ఈ మతిమరుపు వెనుక నామానికీ బంధానికీ నడుమ ఉన్న ఒక పాత సమస్య కనిపిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఖడ్గపురుషుడు, నామాంతరం, భ్రాతృభక్తి, హేకే మోనోగతారి, పునఃకథనం.

1. ప్రవేశిక:
'తోకెన్ రాన్బు' 2015 జనవరిలో డీఎంఎం, నైట్రోప్లస్ సంస్థల ద్వారా వెలువడింది. చరిత్రప్రసిద్ధమైన ఖడ్గాలు ఇందులో యువకుల రూపంలో అవతరించి, చరిత్రను మార్చజూసే శక్తులతో పోరాడతాయి. చిరకాలం మన్నిన వస్తువుకు ప్రాణం వస్తుందనే జపానీయుల 'త్సుకుమొగామి' విశ్వాసం దీనికి ఆధారం.

ఆయుధానికి వ్యక్తిత్వాన్ని ఆపాదించడం భారతీయ పాఠకుడికి కొత్త కాదు. మహాభారతం శాంతిపర్వంలో భీష్ముడు నకులుడికి ఖడ్గోత్పత్తిని వివరిస్తూ, అసికి ఎనిమిది పేర్లు చెబుతాడు. తాళ్లపాక అన్నమాచార్యులను విష్ణుఖడ్గమైన నందకాంశగా భావించడం తెలుగువారి సంప్రదాయం. అయితే ఈ రెండుచోట్లా ఆయుధానికి ఉన్న బంధం స్వామితోనే. ఒక ఆయుధానికి మరొక ఆయుధంతో తోబుట్టువు వరస కలపడం జపాన్ కథనంలోని విశేషం.

2. మూలకథనంలో జంట ఖడ్గాలు:
'హేకే మోనోగతారి' పాఠాంతరాలు కొన్నింటిలో 'త్సురుగి నో మాకి' అనే ఖడ్గాధ్యాయం కనిపిస్తుంది. దాని ప్రకారం మినమోతో నో మిత్సునాకా రెండు ఖడ్గాలు చేయించాడు. నేరస్థులపై పరీక్షించినప్పుడు ఒకటి మెడతోపాటు గడ్డాన్నీ తెగగొట్టింది, అది హిగేకిరి. రెండవది మోకాళ్ల వరకూ తెగగొట్టింది, అది హిజామారు. వతనబె నో త్సునా రాక్షసి చేతిని నరికిన తరువాత మొదటిదానికి ఒనిమారు అనీ, యోరిమిత్సు మాయాసాలీడును నరికిన తరువాత రెండవదానికి కుమోకిరి అనీ పేర్లు మారాయి. తమేయోషి కాలంలో ఒక రాత్రి ఈ రెండూ కలిసి అరిచాయి. సింహంలా గర్జించినది షిషినోకో, పాములా బుసకొట్టినది హోయెమారు అయ్యాయి.

ఆ తరువాత తమేయోషి హోయెమారును కుమానో క్షేత్రాధికారి అయిన తన అల్లుడికి ఇచ్చివేశాడు. జంట విడిపోయింది. ఆ లోటు తీరడానికి షిషినోకోకు నకలుగా కొగరాసు అనే ఖడ్గం చేయించాడు. అది మూలఖడ్గం కంటే కొంచెం పొడవు. రెండింటినీ పక్కపక్కన నిలబెట్టగా అవి పడిపోయాయి. చూస్తే, కొత్త ఖడ్గం ఆ మేరకు తెగి ఉంది. తోటిదాన్ని నరికిందన్న అర్థంలో పాతఖడ్గానికి తోమోకిరి అనే పేరు వచ్చింది.

3. పేరు – బలం:
హెయిజి యుద్ధంలో ఓడిన యోషితోమో, వంశఖడ్గం తనకు ఎందుకు తోడ్పడలేదని హచిమాన్ దేవుణ్ణి వేడుకొంటాడు. పదేపదే పేర్లు మార్చడం వల్లనే, ముఖ్యంగా తోమోకిరి అనడం వల్లనే, ఖడ్గం బలం తగ్గిందని సమాధానం లభిస్తుంది. పాతపేరు తిరిగి పెట్టిన తరువాతే ఖడ్గానికి పూర్వశక్తి వస్తుంది. అంటే మూలకథనంలో నామమే శక్తి.

గేమ్ రచయితలు ఈ సూత్రాన్ని తలకిందులు చేశారు. వెయ్యేళ్లు గడిచినవాడికి పేర్ల మీద పట్టింపు ఉండదన్నది హిగేకిరి వైఖరి. పేరు మారడం మూలంలో శాపమైతే, ఇక్కడ నిర్లిప్తతకు కారణమైంది. ఈ వివరణ సగమే నిలుస్తుంది. హిజామారుకూ కుమోకిరి, హోయెమారు, ఉసుమిదోరి అనే పేర్లు వచ్చాయి. అయినా అతడు ఏదీ మరవలేదు. కనుక నామబాహుళ్యం ఒక్కటే మతిమరుపుకు హేతువు కాజాలదు. ఇద్దరి స్మృతిలోని తేడాకు కారణం వారు పేరును దేనికి వాడుకొన్నారన్నదానిలో వెతకాలి.

4. స్వాభిమానం, భక్తి:
హిజామారు తొలి పరిచయంలోనే ఆ రెండు లక్షణాలూ కలిసి వస్తాయి. గెంజి వంశనిధినని సగర్వంగా చెప్పుకొంటూనే, అన్న వచ్చాడా అని అడుగుతాడు. అతడి గర్వానికి ఆధారం వంశం, ఆ వంశానికి సాక్షి అన్న. ఆ సాక్షే తన పేరు మరిస్తే గర్వానికి పునాది కదులుతుంది. అందువల్లనే అతడు నొచ్చుకొంటాడు, నొచ్చుకొన్నట్లు కనపడకుండా ఉండాలని తంటాలు పడతాడు.

సంబోధన మరొక ఆధారం. హిజామారు అన్నను పేరుతో గాక 'అనిజా' అని పిలుస్తాడు. పెద్దవాణ్ణి పేరు పెట్టి పిలవని తెలుగు కుటుంబమర్యాద తెలిసినవారికి ఇందులోని గౌరవం సులభంగా బోధపడుతుంది. హిగేకిరికి తమ్ముడి పేరు గుర్తు రాకపోయినా, అతడు తమ్ముడన్న సంగతి మాత్రం ఎన్నడూ జారిపోదు. ఇద్దరి మధ్య నిలిచినది వరస. పేరు లోకవ్యవహారానికి, వరస బంధానికి చెందినవి.

5. గేమ్ విడిచిపెట్టిన అంశం:
గేమ్ భక్తినంతా తమ్ముడి వైపే ఉంచింది. మూలకథనం అలా లేదు. విడిపోయిన తమ్ముడి స్థానంలోకి తెచ్చిన నకలును సహించక నరికినది అన్న ఖడ్గమే. దానిని దుశ్శకునంగా చదివినవారు తోమోకిరి అన్నారు. ప్రత్యామ్నాయాన్ని తిరస్కరించిన ప్రేమగానూ చదవవచ్చు. ఈ చదువు ప్రకారం మరచినవాడుగా పేరుపడినవాడే నిజానికి మరవనివాడు. ఈ ఘట్టాన్ని పాత్రచిత్రణకు కేంద్రం చేసి ఉంటే, పదేపదే వచ్చే మతిమరుపు హాస్యం మరింత లోతును సంతరించుకొనేది. హాస్యానికి అలవాటుపడిన ప్రేక్షకుడు తమ్ముడి బాధను కూడా వినోదంగా తీసుకొనే ప్రమాదం ఇప్పటి చిత్రణలో ఉంది.

6. ముగింపు:
ఖడ్గాధ్యాయం చివర, యోషిత్సునె హకోనె క్షేత్రానికి సమర్పించిన ఉసుమిదోరి, సోగా గోరో చేతికి వెళ్లి, 1193లో అన్నతో కలిసి తండ్రి పగ తీర్చుకొన్న అతడి మరణానంతరం యోరితోమోను చేరుతుంది. జంట తిరిగి కలుస్తుంది. ఈ ఖడ్గాలుగా పరంపరాగతంగా భావించేవాటిలో ఒకటి క్యోటోలోని కితానో తెన్మాన్గూలో, మరొకటి అదే నగరంలోని దైకకుజీలో ఉన్నాయి. 2025లో టోక్యో జాతీయ మ్యూజియం వాటిని ఒకేచోట ప్రదర్శించింది. వాటిని అన్నదమ్ములుగా చూసే ఇప్పటి ఆసక్తిలో ఈ గేమ్‌కూ భాగముంది. పునఃకథనం మూలాన్ని మార్చినంత మాత్రాన మూలద్రోహం కాదు. నామమే బలమన్న పాత సూత్రం స్థానంలో, నామం పోయినా వరస నిలుస్తుందన్న కొత్త సూత్రాన్ని ఈ గేమ్ ఉంచింది. ఆ సూత్రానికి అన్న పక్షాన ఉన్న సాక్ష్యం మూలంలోనే ఉన్నదని గుర్తించడం విమర్శ బాధ్యత.