సైలెన్సర్ గొట్టం: ఎంత లావుంటే సరి?

కారు ఇంజిన్ సత్తువను పెంచాలనుకునే ఔత్సాహికులు ముందుగా చేయి వేసేది తరచు ఎగ్జాస్ట్ గొట్టం మీదనే. ఆ గొట్టం ఎంత లావైతే ఇంజిన్ అంత తేలికగా పొగ వదులుతుందని కొందరు నమ్ముతారు. ఇంజిన్‌కు కొంత ‘బ్యాక్ ప్రెషర్’, అంటే వాయువు వెళ్లే దారిలో ఎదురయ్యే పీడనం, ఉండి తీరాలని మరికొందరు వాదిస్తారు. ఈ రెండూ సగం నిజాలే. ఇంజిన్ నుంచి ఏ వేగం దగ్గర ఎంత వాయువు వెలువడుతుందో లెక్కగట్టి, దానికి సరిపడే గొట్టాన్ని ఎంచుకోవాలన్నదే తరాల తరబడి సాగిన ట్యూనింగ్ సంప్రదాయం తేల్చిన సారం.

ఈ సంప్రదాయం బలంగా వేళ్లూనుకున్నది అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియాలో. మురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల చదును నేలలపై పాత కార్లను పరుగెత్తించిన యువకుల క్లబ్బులు కలిసి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడగా, 1948 జనవరిలో మొదలైన ‘హాట్ రాడ్’ పత్రిక వారి కిటుకులను దేశమంతటికీ అందించింది. వారు మక్కువపడిన 1932 నాటి ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8 ఇంజిన్‌లో ఒక్కో వరుసలోని నాలుగు సిలిండర్లకు మూడే ఎగ్జాస్ట్ ద్వారాలుండేవి. నడిమి రెండు సిలిండర్లు ఒకే ద్వారాన్ని పంచుకోవడమే గాక, వేడి వాయువు ఇంజిన్ దిమ్మె గుండానే సాగడం వల్ల ఇంజిన్ త్వరగా వేడెక్కేది. దిమ్మెలోని దారిని మార్చడం కష్టం గనుక, ఆ తర్వాతి దారినైనా సులువు చేయడానికి వారు పోత ఇనుప మ్యానిఫోల్డును తీసేసి, ఉక్కు గొట్టాలను వంచి అతికిన ‘హెడర్’లను బిగించుకున్నారు. వీధిలో సైలెన్సర్ గుండా, పందెం నేల మీద మూత విప్పితే నేరుగా వాయువును వదిలే ‘లేక్ పైపులు’ కూడా ఆ కాలపు ఆనవాళ్లే.

ఇంజిన్ నుంచి వాయువు ఏకధారగా రాదు. పిస్టన్ అడుగుకు చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వ్ తెరుచుకోవడంతో, వాతావరణ పీడనానికి కొన్ని రెట్ల పీడనంలో ఉన్న వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూసుకువస్తుంది. దానికి ముందు ఒక పీడన తరంగం, ఆ వేడిలో సెకనుకు సుమారు 550 నుంచి 600 మీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. గొట్టం హఠాత్తుగా వెడల్పయ్యే చోటికి చేరగానే ఆ తరంగం అల్పపీడన తరంగంగా మారి వెనక్కి మళ్లుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిగా తెరిచి ఉండే క్షణానికి అది సిలిండర్‌ను చేరితే, మిగిలిన పొగను బయటికి లాగి తాజా మిశ్రమం లోపలికి రావడానికి తోడ్పడుతుంది. దీనినే స్కావెంజింగ్ అంటారు. గొట్టం మరీ లావైతే తరంగం బలహీనపడి, వాయు ప్రవాహం మందగించి, తక్కువ ఆర్.పి.ఎం.లో పికప్ పడిపోతుంది. సన్నని గొట్టంతో దొరికే మేలు వాయువు వేగం వల్లనే తప్ప ఎదురు పీడనం వల్ల కాదు; ఎదురు పీడనం ఎప్పుడూ నష్టమే.

అందువల్ల కొలత విషయంలో అతి సున్నితమైన భాగం సిలిండర్ నుంచి నేరుగా వచ్చే ప్రాథమిక గొట్టాలే. 1-3-4-2 క్రమంలో మండే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒకటినీ నాలుగునూ, రెండునూ మూడునూ ముందుగా జతకలిపి, ఆ తర్వాత ఒకటిగా చేసే 4-2-1 అమరిక మధ్యస్థ వేగాల్లో టార్కును నిలబెడుతుంది. నాలుగింటినీ ఒకేచోట కలిపే 4-1 అమరిక గరిష్ఠ వేగంలో ఎక్కువ శక్తినిస్తుంది. అవి కలిసిన తరువాతి గొట్టంలో తరంగాల ప్రభావం తగ్గుతుంది గనుక, అక్కడ ప్రధానంగా చూడవలసింది ప్రవాహాన్నే.

భారతీయ రహదారులపై విరివిగా తిరిగిన 1,197 సి.సి. పెట్రోల్ ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. 6,000 ఆర్.పి.ఎం. వద్ద అది సెకనుకు 60 లీటర్ల గాలిని పీల్చగలదు. సిలిండర్లు 85 శాతమే నిండుతాయనుకుంటే 51 లీటర్లు. ఎగ్జాస్ట్‌లో సుమారు 630 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆ ఘనపరిమాణం మూడింతలై 153 లీటర్లవుతుంది. గొట్టం గోడ మందం 1.5 మిల్లీమీటర్లయితే, ఆ వాయువు ఒకటిముప్పావు అంగుళాల గొట్టంలో సెకనుకు దాదాపు 113 మీటర్ల వేగంతో, రెండంగుళాల గొట్టంలో 85 మీటర్ల వేగంతో, రెండున్నర అంగుళాల గొట్టంలో 53 మీటర్ల వేగంతో సాగుతుంది. పీడన నష్టం వేగం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, ఒకటిముప్పావు నుంచి రెండుకు మారితేనే ఆ నష్టం సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఇంత చిన్న ఇంజిన్‌కు రెండంగుళాలు దాటడం వల్ల ఒరిగేది స్వల్పం. చప్పుడు, బరువు మాత్రం పెరుగుతాయి.

సాధారణంగా చెప్పే గొట్టం కొలత బయటి వ్యాసమే గనుక, లెక్కకు తీసుకోవలసిన లోపలి వ్యాసం కోసం గోడ మందాన్ని రెండింతలు చేసి తీసివేయాలి. వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతే వెడల్పు చెల్లదు. లోపల కడ్డీని ఉంచి వంచే మాండ్రెల్ పద్ధతిలో ఆ వ్యాసం నిలుస్తుంది. వంపుకు అటూ ఇటూ వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిస్తే పని నాణ్యత తేలిపోతుంది. వాయువు వెనక్కి సాగేకొద్దీ చల్లబడి కుంచించుకుపోతుంది కాబట్టి, చివరి భాగం కొంచెం సన్నగా ఉన్నా లోటుండదు. టర్బో ఇంజిన్‌లో మాత్రం టర్బైన్ తరంగాల శక్తిని చాలావరకు హరిస్తుంది గనుక, దాని వెనుక గొట్టం వీలైనంత వెడల్పుగా ఉండటమే మేలు.

ఈ విద్యకు హద్దులూ ఉన్నాయి. 2020 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న బి.ఎస్.-6 ప్రమాణాల కార్లలో క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తొలగించడం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందమే: విష వాయువులు పెరిగి, ఆక్సిజన్ సెన్సర్ లెక్కలు తప్పి, హెచ్చరిక దీపం వెలుగుతుంది. శబ్ద, కాలుష్య ప్రమాణాలను అతిక్రమించి వాహనాన్ని నడిపితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్ కింద పదివేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు పడవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నం పోలీసులు మోటారు సైకిళ్ల నుంచి ఊడదీసిన సైలెన్సర్లను రోడ్డు రోలర్లతో తొక్కించిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి గొట్టం మార్చదలచినవారు ఇంజిన్ పరిమాణాన్ని, తాము ఎక్కువగా నడిపే ఆర్.పి.ఎం.ను ముందుగా కాగితం మీద పెట్టి, కన్వర్టర్‌నూ సైలెన్సర్‌నూ ఉంచుకుంటూనే, ఆ లెక్క చెప్పిన కొలతకు కట్టుబడాలి.