‘ఎప్పుడూ’ అంటే ఏమిటి?

మా ఆఫీసు బీమా కోసం పంపిన ఆరోగ్య ప్రశ్నావళిని పోయిన ఆదివారం తుర్కయంజాల్‌లో అమ్మకి చదివి వినిపించాను. తెలుగులోనే ఉంది. “మీరు వ్యాయామం చేస్తారా?” కింద ఐదు గళ్ళు: ఎప్పుడూ, తరచుగా, కొన్నిసార్లు, అరుదుగా, ఎప్పుడూ కాదు.

“నాకు గవన్నీ యాడివి బిడ్డా,” అంది. చివరి గడి నొక్కాను. “చలనం లేని జీవనశైలి” అని ఎర్రగా వచ్చింది. రోజూ మాసబ్ చెరువు దాకా నడిచొచ్చి, బట్టలు చేత్తో ఉతికి, బిందెలు మేడ మీదకి మోసే మనిషి గురించి!

నేను కోడ్ రాసుకునేవాణ్ణి. అయినా దీన్ని ఒక అనువాదంగా సమీక్షించాలనిపించింది.

ఈ ఐదు మెట్ల కొలతకి మూలం రెన్సిస్ లికర్ట్ 1932లో అభిప్రాయాలు కొలవడానికి ప్రతిపాదించిన పద్ధతి. మెట్టుకో అంకె ఇచ్చి కూడతారు. అంటే ఒక్కో మాటా తన మెట్టు మీద స్థిరంగా నిలబడాలి. ఇంగ్లీషు ‘నెవర్’ ఒంటరిగా నిలబడుతుంది. మన ‘ఎప్పుడూ’ నిలబడదు. అవునో కాదో క్రియే చెప్పాలి. ఎప్పుడూ నడుస్తాను, ఎప్పుడూ నడవను. క్రియ తీసేస్తే రెండు కొసలూ ఒకే మాటతో మొదలవుతాయి. తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసినా ఈ లోపం దొరకదు. అక్కడ అంతా సరిగ్గానే కనిపిస్తుంది.

‘వ్యాయామం’ ఇంకా పెద్ద చిక్కు. అమ్మ దృష్టిలో అది పార్కులో షూస్ వేసుకుని చేసేది. చాకిరీ దాని కిందకి రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ‘జీపాక్’ ప్రశ్నావళి ముందు పని గురించే అడుగుతుంది: జీతం లేనిదీ, ఇంటిపనీ, కోతలూ కలిపి. తర్వాతే రాకపోకలు, ఆటలు. అదీ ‘తరచుగా’ అని కాదు. వారంలో ఎన్ని రోజులు, రోజులో ఎంతసేపు అని. ఉదాహరణలు స్థానికంగా మార్చుకోమంటుంది. మరో పేరున్న ప్రశ్నావళి ‘ఐపాక్’ చిన్న రూపంలో మధ్యస్థ శ్రమకి ఒక ఉదాహరణ డబుల్స్ టెన్నిస్. దాన్ని మాటకు మాట తెలుగు చేస్తే తప్పేం లేదు, అమ్మకి మాత్రం ఏమీ అందదు. ఇక్కడ అనువదించాల్సింది ఆయాసాన్ని.

రోజుల లెక్కలోనూ జ్ఞాపకం మోసం చేస్తుంది, ఒప్పుకుంటాను. అయినా మళ్ళీ అడిగాను: “వారంల ఎన్ని రోజులు బిందెలు మోస్తవమ్మా?”

“ఏడు రోజులు. ఆదివారం నువ్వు మోస్తవా?”

ఆ జవాబు నింపడానికి ఫారంలో గడి లేదు. ఆ రోజు బిందెలు మాత్రం నేనే మోశాను.