పాత కారు కొనేముందు కిందికి వంగి చూడండి

ఉత్తరపార ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్ళకు పైగా ముందే ఆగింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కథ 1970ల మొదట్లోనే ముగిసింది. రోడ్డు మీద ఇవి తగ్గుతున్నకొద్దీ వీటి మీద మమకారం పెరుగుతోంది. డాక్టరు గారి ఫియట్ అనీ, కలెక్టరు గారి అంబాసిడర్ అనీ ఊరంతా గుర్తుపట్టిన కార్లు ఇప్పుడు పాడుబడ్డ షెడ్లలోనో, తోటల్లో చెట్ల కిందో తుప్పుపట్టి కనిపిస్తున్నాయి. ఎంతో కొంత ఇచ్చి తీసుకుపొమ్మంటారు యజమానులు. అలాంటి కారును చూడగానే బాగుచేసి మళ్ళీ తిప్పాలన్న కోరిక కొందరికి బలంగా పుడుతుంది. అది గౌరవించదగ్గ కోరిక. పనిచేసిన వస్తువును పారేయకుండా నిలబెట్టుకోవాలనుకోవడం మంచి సంస్కారం. అయితే ఆ కోరికకు ఒక కొలమానం కావాలి. పాత కారు కొన్నంత మాత్రాన బతకదు, మొదలుపెట్టిన పని పూర్తయితేనే బతుకుతుంది. పని పూర్తవుతుందా లేదా అన్నది ఇంజన్ శబ్దంలో తెలియదు, అడుగు రేకులో తెలుస్తుంది. కాబట్టి తుప్పు లోపలిదాకా దిగిన కారును, ఎంత చవగ్గా వచ్చినా, మొదటిసారి ఈ పనికి దిగేవాళ్ళు కొనకూడదన్నది నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ కార్ల నిర్మాణమే అలాంటిది. లారీకి ఛాసిస్ వేరు, బాడీ వేరు. పైన బాడీ ఎంత పాడైనా దించేసి ఇంకోటి కట్టుకోవచ్చు. విజయవాడ ఆటోనగర్‌కు పేరు తెచ్చింది ఆ బాడీ కట్టే పనే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన అంబాసిడర్‌కూ, ఫియట్ 1100 నుంచి వచ్చిన పద్మినికీ అలా విడిగా ఛాసిస్ ఉండదు. మడతపెట్టి, పెట్టెల్లా మలిచి, ఒకదానికొకటి వెల్డింగ్ చేసిన రేకులే బండి బరువంతా మోస్తాయి. అంబాసిడర్ ముందు చక్రాల వైపు బరువును పొడవాటి టార్షన్ బార్లు భరిస్తాయి. వాటి వెనక కొసలు అడుగున అడ్డంగా ఉన్న భాగానికి బిగించి ఉంటాయి. ఆ భాగాన్ని తుప్పు తింటే పోయేది అందం ఒక్కటే కాదు, సస్పెన్షన్‌కున్న ఆధారమే పోతుంది. వెనక కమాన్ కట్టలు బాడీని పట్టుకునే చోట్ల సంగతీ అంతే. డోర్ల కింద ముందు నుంచి వెనక్కి సాగే పెట్టెలాంటి పట్టీలు, అంటే సిల్స్, పైకి అలంకారంలా కనిపిస్తాయి గానీ బండి నడుం వంగిపోకుండా ఆపేవి అవే.

ఇంజన్ విషయం వేరు. అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు వాడిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బీ-సిరీస్ కుటుంబానిది. ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదటి రకంలో ఉన్నదీ ఆ కుటుంబపు 1489 సీసీ ఇంజనే. దాన్ని విప్పి చూస్తే చేయాల్సిన పని కొలతకు వస్తుంది. సిలిండర్లు ఎంత అరిగాయో, క్రాంక్ ఎంత అరిగిందో లేత్ షాపులో కొలిచి చెబుతారు. రీబోరింగ్ చేసి ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయడమా, క్రాంక్ గ్రైండింగ్ చేసి బేరింగులు మార్చడమా అన్నది అక్కడే తేలిపోతుంది. కాలం తెచ్చిన కొత్త చిక్కులు కూడా అంచనాకు లొంగేవే. దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది కాబట్టి, ఆ సీసాన్ని నమ్ముకుని తయారైన పాత హెడ్లకు గట్టి వాల్వు సీట్లు వేయించుకోవాల్సి రావచ్చు. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రం, కార్బొరేటర్ సీళ్ళు మార్చుకోవాలి. ఇవన్నీ ఖర్చులే. కానీ ముందే పేరు పెట్టి, ధర కట్టి, కాగితం మీద రాసుకోగల ఖర్చులు. రేకు పని అలా ఉండదు. రంగు కింద రూపాయి బిళ్ళంత బుడగ కనిపించిన చోట లోపల అరచేయంత రేకు పోయి ఉండవచ్చు. కొత్త రేకును గట్టి రేకుకే అతకాలి కాబట్టి గట్టిది తగిలేదాకా కోస్తూ పోవాలి. అది ఎక్కడ తగులుతుందో కోసి చూస్తే గానీ మేస్త్రికీ తెలియదు. అందుకే ఇంజన్ పట్టేసినా ఒళ్ళు గట్టిగా ఉన్న కారు మంచి బేరం. చక్కగా స్టార్టయ్యే ఇంజన్ ఉండి అడుగు పోయిన కారు చెడ్డ బేరం. అమ్మేవాళ్ళు మాత్రం సాధారణంగా ఇంజన్ స్టార్ట్ చేసే చూపిస్తారు.

తుప్పు ఎలా నడుస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇనుముకు నీరూ గాలీ రెండూ తగిలితేనే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది, ఎందుకంటే తుప్పు విద్యుత్ రసాయన చర్య, ఉప్పునీరు విద్యుత్తును బాగా మోస్తుంది. అందుకే విశాఖలోనో మచిలీపట్నంలోనో బతికిన కారునూ అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో బతికిన కారునూ ఒకే కంటితో చూడకూడదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకుల అతుకు మధ్య పుట్టి ఆ రెంటినీ విడదీయగలిగేది ఆ ఉబ్బుతోనే. మన వాతావరణంలో అసలు శత్రువు లోపల నిలిచే తేమ. అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఎండకు బిరుసెక్కి పగిలాక వాన నీరు లోపలికి దిగి, మ్యాట్ కింద పరిచిన ఫెల్టులో ఇంకుతుంది. తడి ఫెల్టు నెలల తరబడి అంటుకుని ఉంటే అడుగు రేకు పైనుంచే కుళ్ళుతుంది. డోర్ల అడుగున నీళ్ళు పోయే కన్నాలు మట్టితో పూడితే డోర్ల కింది అంచులు పోతాయి. టార్పాలిన్ కప్పి ఉంచామన్న మాట కూడా భరోసా ఇవ్వదు. మట్టి నేల నుంచి లేచే తేమ ఆ కప్పు కిందే చిక్కుకుని బయటికి పోయే దారి లేక రేకు మీదే పేరుకుంటుంది.

కాబట్టి పరీక్ష రంగు దగ్గర కాకుండా ఈ చోట్ల మొదలవ్వాలి. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతాన్ని చక్రాల పైవంపుల మీద, డోర్ల కింది భాగాల మీద, సిల్స్ మీద నడిపించాలి. పుట్టీ మందంగా దట్టించిన చోట అది పట్టు వదిలేస్తుంది. పైన పటారం లోన లొటారం అన్న సామెత పాత కార్ల బజారులో అక్షరాలా నిజం. మ్యాట్లు ఎత్తి అడుగు చూడాలి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడాలి. అమ్మేవారి అనుమతితో స్క్రూడ్రైవర్ పిడితో అడుగు రేకును తట్టాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, తిన్న రేకు మొద్దుగా మోగి పొడి రాలుస్తుంది. ఆ తర్వాత బండిని ఒక పక్క జాకీ మీద లేపి డోరు తెరిచి మూయాలి. నేల మీద బాగా పడిన డోరు జాకీ మీద పట్టేస్తే, లేదా దాని చుట్టూ ఉన్న సందు మారితే, బాడీ బిగువు పోయిందన్నమాట. ఈ పరీక్షలకు ఒప్పుకోని అమ్మకందారు చెప్పకుండానే జవాబు చెప్పేశారని అనుకోవచ్చు.

దీనికి వినిపించే మొదటి అభ్యంతరం గట్టిదే. మన దగ్గర టింకరింగ్ మేస్త్రీలున్నారు, సుత్తి, దిమ్మెలతో చదును రేకును కావలసిన వంపుకు తెస్తారు, విదేశాల్లోలా కూలి భయపెట్టదు, ఇక తుప్పుకు జంకడమెందుకు అంటారు. ఆ నైపుణ్యం నిజం, దాని మీద నాకు అపారమైన గౌరవం ఉంది. ఆ గౌరవం ఉన్నందుకే ఈ వాదనను ఒప్పుకోలేను. ఇప్పటి బాడీ షాపుల్లో ఎక్కువగా జరిగేది దెబ్బతిన్న డోరు తీసి కొత్త డోరు బిగించే పని. వంపును చేత్తో పుట్టించగల మేస్త్రీలు తగ్గుతున్నారు, వారి రోజులు విలువైనవి. పైగా ఇది చేయి తిరిగితే చాలు అనుకునే పని కాదు, క్రమం తప్పకూడని పని. సిల్ కోసేముందు డోరు ఖాళీలకు అడ్డంగా ఊతకడ్డీలు వెల్డింగ్ చేయాలి. లేకపోతే బాడీ వంగి, ఆ తర్వాత ఏ డోరూ సరిగ్గా పడదు. పలుచని రేకు మీద ఒకేచోట వేడి పెడితే మెలితిరుగుతుంది కాబట్టి చుక్క చుక్కగా, చోటు మారుస్తూ అతకాలి. ఈ ఓపిక లేనిచోట జరిగేది ఒకటే. తుప్పు మీదే కొత్త రేకు ముక్క కప్పి, పుట్టీ రాసి, రంగు కొట్టి అప్పజెబుతారు. చెదలు పట్టిన ద్వారబంధానికి సున్నం వేసినట్టు, లోపల తినే పని ఆగదు. తక్కువ కూలికి దొరికేది ఎక్కువగా ఈ పనే. అసలు పని ఇక్కడా చవక కాదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది. లాభనష్టాల లెక్కెందుకు, చేతులతో పనిచేయడంలోనే ఆనందం ఉంది, అది చాలదా అంటారు. చాలు, పని సాగుతున్నంతకాలం. కానీ ఆగిపోయిన పని కారుకు ఏం చేస్తుందో ఆలోచించాలి. కదపకుండా వదిలేసిన కారు కనీసం మొత్తంగా ఉంటుంది. దాని బోల్టులు దాని కన్నాల్లోనే, గాజు దాని చట్రంలోనే ఉంటాయి. విప్పిన కారు అలా ఉండదు. రంగు గీకేసిన రేకుకు వెంటనే ప్రైమర్ పడకపోతే ఒక్క వానాకాలంలో తుప్పు కొత్తగా పట్టుకుంటుంది. సంచుల్లో వేసిన చిన్న సామాను చెల్లాచెదురవుతుంది. ఏది ఎక్కడిదో విప్పినవారికి తప్ప తెలియదు, కొన్నేళ్ళకు వారికీ గుర్తుండదు. సగం విప్పిన కారును కొనేవారూ దొరకరు. అలాంటి బండి చివరికి పాత ఇనుప సామాను కొట్టుకు చేరడమే ఎక్కువ. ప్రేమతో మొదలైన పని ఆ కారుకు ఆఖరి దెబ్బ కావచ్చు. ఆనందం మనదే అయినా ఫలితం వస్తువుది కూడా, కాబట్టి దాని మంచి చూడటం మన బాధ్యత.

మూడో అభ్యంతరం వారసత్వానిది. తుప్పు కార్లన్నిటినీ అందరూ కాదంటే అవి బతికేదెలా? అన్నీ బతకనక్కరలేదని చెప్పక తప్పదు. అంబాసిడర్లు అరవై ఏళ్ళకు దగ్గరగా తయారయ్యాయి, గట్టి ఒళ్ళున్నవి ఇంకా దొరుకుతాయి. అడుగు పోయిన కారు తన గేర్‌బాక్సును, డోరు హ్యాండిళ్ళను, మీటర్లను, గ్రిల్లును మరో కారుకు ఇస్తే అది వృథా కాదు. ఒక మంచి కారు నిలబడటానికి ఇదే దారి కావచ్చు. అయితే మినహాయింపులున్నాయి. స్టాండర్డ్ హెరాల్డ్ సంఖ్యలో చాలా తక్కువ. దానికి విడిగా ఛాసిస్ ఉంది, బాడీ ముక్కలు బోల్టులతో విప్పుకోవచ్చు. ఛాసిస్ గట్టిగా ఉంటే పైన తుప్పు కొంత ఎక్కువున్నా పనికి హద్దు ఉంటుంది. తండ్రో తాతో నడిపిన కారు కూడా మినహాయింపే. దానికి బదులుగా ఇంకోటి కొనలేం కాబట్టి లెక్క వేరు. వెల్డింగ్ నేర్చుకోవాలనే కొనేవారికి చెడిన కారే పాఠం. ఈ ముగ్గురూ తాము దిగుతున్న లోతు తెలిసి దిగాలి.

రేకు తర్వాత చూడాల్సింది కాగితం, దీని తుప్పుకు వెల్డింగ్ లేదు. సొంత వాహనాల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది, ఆపై 5 ఏళ్ళకోసారి పొడిగించుకోవాలి. ఇరవై, ముప్పై ఏళ్ళుగా షెడ్డులో ఉన్న కారుకు ఇది చాలాసార్లు తప్పి ఉంటుంది. ఆర్‌సీలో పేరున్న వ్యక్తి చనిపోయి ఉంటే ముందు వారసుల పేరిట మారాలి. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఆ నంబరున్న రేకే తుప్పు తిని ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయడం మంచిది. 50 ఏళ్ళు దాటిన వాహనాలకు 2021 నుంచి కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తోంది. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. కానీ దానికి బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు చేసి ఉండకూడదు. అది ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరుగుడుకు పనికిరాదు. ఇష్టమొచ్చినట్టు రేకులు మార్చి, తర్వాత ఆ తలుపు తడదామంటే కుదరకపోవచ్చు.

ఇన్ని జాగ్రత్తలు చెప్పడం ఎవరినీ వెనక్కి లాగడానికి కాదు. పాత కారును మళ్ళీ నడిపించడం గొప్ప పని. కొత్త బండి కొనగలిగే డబ్బు ఉండి కూడా పాతదాని మీద రెండేళ్ళు పనిచేసేవారు వస్తువుల పట్ల మర్యాద ఇంకా మిగిలి ఉందని చాటుతున్నారు. ఆ మర్యాద నిలవాలంటే నాలుగు ప్రశ్నలకు కొనేముందే జవాబు ఉండాలి. బరువు మోసే రేకు గట్టిగా ఉందా? కాగితాలు నేటికి సరిగా ఉన్నాయా, లేదా సరిచేసుకునే దారి ఉందా? విప్పిన బండికి వాన తగలని పక్కా చోటు ఉందా? అంచనాకు రెట్టింపు ఖర్చూ కాలమూ పడితే కూడా ఆగకుండా ఉండగలమా? మొదటి రెంటిలో ఏ ఒక్కదానికి కాదని జవాబు వచ్చినా ఆ కారును వదిలేయాలి. తర్వాతి రెంటికి కాదని వస్తే ఇప్పటికి ఆగాలి. నాలుగింటికీ అవునన్నవారు ఎక్కువ ధర పెట్టి అయినా దొరికినవాటిలో గట్టి ఒళ్ళున్న కారునే కొనాలి. ఆ అదనపు ధర మొదటి ఏడాదే టింకరింగ్ షెడ్డులో మిగులుతుంది, కారు రోడ్డెక్కుతుంది.